తెల్లారేసరికి పావు ట్యాంకు

కోల్డ్ స్టోరేజీ ముందు ఆగిన లారీ కింద జాన్ బాషా వెల్లకిలా పడుకుని సెల్ఫ్ మోటారు బోల్టు తిప్పుతున్నాడు. మిరపకాయల ఘాటుకు ముక్కు మండిపోతోంది. రెండు తుమ్ములకు ఒక చుట్టు చొప్పున బోల్టు కదులుతోంది. ఇరవై ఏళ్ళుగా గుంటూరు మిర్చి యార్డుకు వచ్చిపోయే లారీలకీ ట్రాక్టర్లకీ వైరింగు పని చేస్తున్న మనిషి, ఈపాటికి అలవాటు పడి ఉండాల్సింది. పడలేదు. అలవాటు పడనని అతని ముక్కు ఒట్టు పెట్టుకుంది కాబోలు.

అంతలో లారీ అవతల నుంచి ఒక గొంతు లేచింది.

"పెట్రోలు తాగుతున్నావా, అమ్ముకుంటున్నావా? ఏదో ఒకటి చెప్పు చెంచయ్యా. తెలుసుకుందామని అడుగుతున్నా."

బాషా తల తిప్పి చూశాడు. లారీ కింద నుంచి కాళ్ళే కనిపిస్తున్నాయి. మెరిసే బూట్లు స్టోరేజీ యజమాని త్రినాథ్‌వి. వాటి ఎదురుగా ఉన్న అరిగిపోయిన రబ్బరు చెప్పులు డ్రైవరు చెంచురామయ్యవి. ఆ రెండు జతల మధ్య నేలకు జానెడు ఎత్తున ఎర్ర కారు అంచు. బెంగుళూరులో ఎవరో మోజు తీరాక అమ్మేస్తే త్రినాథ్ కొనుక్కొచ్చిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. పాపం, గుంటూరు రోడ్ల కోసం చేసిన కారు కాదు. అయినా అది వీధిలోకి వస్తే, బేరం మధ్యలో ఉన్నవాళ్ళు కూడా అంకె మర్చిపోయి చూసేవాళ్ళు.

"నిన్న సాయంత్రం బంకుకు తీసుకెళ్ళింది నువ్వే," అన్నాడు త్రినాథ్. "తెచ్చాక నేనూ చూశా. ముల్లు ముప్పావు మీదుంది. రాత్రంతా కారు మన ఇంటి షెడ్డులో ఉంది. తాళం చెవి నీ దగ్గర ఉంది. పొద్దున నేను ఎక్కేసరికి సగం! పావు ట్యాంకు ఎటు పోయింది?"

"నాకు తెలీదు బాబూ. నేను తియ్యలేదు."

"ఒక్కరోజైతే పోనీలే అనుకుందును. నెల్లాళ్ళ నుంచి ఇదే వరస. మీటరు చెడిపోయిందన్నావు. బెజవాడ పంపించి కొత్త మీటరు వేయించాను. కొత్తదీ అబద్ధమే చెబుతోందా? దానిక్కూడా నీ మీద పగేనా?"

బాషా లారీ కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. రేకుల పంచలో పాతికమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. వాళ్ళ చేతులు ఆగిపోయాయి. వాళ్ళ ముఠా పెద్ద కొండమ్మ మూతి చుట్టూ కట్టుకున్న గుడ్డ కిందికి లాగి మరీ చూస్తోంది. బస్తాలు మోసే హమాలీలు ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు. అంతమంది ముందు త్రినాథ్ చెయ్యి చాపాడు.

చెంచురామయ్యకు యాభై ఆరేళ్ళు. చొక్కా జేబులోంచి తాళాల గుత్తి తీసి, భుజం మీది తువ్వాలుతో ఒకసారి తుడిచి, ఆ అరచేతిలో పెట్టాడు.

"రేపట్నుంచి రావద్దు," అన్నాడు త్రినాథ్.

మాట్లాడాలని బాషా అనుకోలేదు. నోరు దానంతటది మాట్లాడేసింది. "సార్, ముల్లు అబద్ధం చెప్పకూడదని రూలేం లేదండి."

త్రినాథ్ ఇటు తిరిగాడు. గ్రీజు చేతులూ, మిరప ఘాటుకు ఎర్రబడ్డ కళ్ళూ ఉన్న ఈ మనిషిని పైనుంచి కిందికి చూశాడు. "బెజవాడ వాళ్ళకంటే నీకు ఎక్కువ తెలుసా?"

"తక్కువే తెలుసండి. అందుకే ప్రతిదీ వెతుక్కోవాలి నేను. రెండ్రోజులు కారు నాకివ్వండి."

"ఏమీ తేలకపోతే?"

"తేలకపోతే ఇంక మీ లారీల మీద చెయ్యి వెయ్యను."

"అయ్యో, ఆ మాటెందుకన్నావయ్యా!" అంది కొండమ్మ పైకే. బాషాకీ అదే అనిపించింది, ఒక్క క్షణం ఆలస్యంగా. ఈ స్టోరేజీకి ఆరు లారీలున్నాయి. అతని ఇంట్లో పొయ్యి సగం వాటి మీదే మండుతుంది.

త్రినాథ్ తాళం చెవి అతని వైపు విసిరాడు. "గీత పడిందో, ఊరుకోను. ఇంకో సంగతి, చెంచయ్య మాత్రం దాన్ని ముట్టుకోకూడదు."

లారీలు ఎక్కి దిగే అలవాటున్నవాడికి ఆ కారులో కూర్చోవడమే ఒక విద్య అయిపోయింది. సీటు మీద పాత పేపరు పరిచాడు. ముందు తల పెట్టాలో కాలు పెట్టాలో తెలియక రెండూ ఒకేసారి పెట్టి నెత్తి బొప్పి కట్టించుకున్నాడు. హమాలీలు ఘొల్లున నవ్వారు. చెంచురామయ్య నవ్వలేదు. గేటు పక్కన నిలబడి, కారు రోడ్డెక్కేదాకా దాని వెనక చక్రాల వంకే చూశాడు.

*

నల్లపాడు రోడ్డులో బాషా షెడ్డు. నాలుగు రేకులు, ఒక బల్ల, గోడకు వేలాడే వైర్ల కట్టలు. మధ్యాహ్నానికి చెంచురామయ్య బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. కారుకు రెండడుగుల దూరంలో ఆగి, రెండు చేతులూ వీపు వెనక కట్టుకున్నాడు.

"దగ్గరికి రా బాబాయ్, అది కరవదు."

"ముట్టుకోవద్దన్నారుగా."

"ఆయన ఇక్కడ లేడుగా."

"లేకపోతే?" అన్నాడు చెంచురామయ్య. చేతులు మాత్రం ముందుకు తీసుకురాలేదు.

బాషా పద్ధతి లారీల దగ్గర నేర్చుకున్న పద్ధతి. ముందు దేన్నీ నమ్మకూడదు. ట్యాంకు ఉత్తదయ్యేదాకా పెట్రోలంతా పైపుతో క్యాన్లలోకి దించాడు. మీటరు అద్దం పక్కన తెల్లకాగితం ముక్క అంటించాడు. కొలత క్యానుతో అయిదు లీటర్లు పోసి, తాళం తిప్పి, ముల్లు ఎక్కడ ఆగిందో స్కెచ్ పెన్నుతో గీత గీశాడు. మళ్ళీ అయిదు, మళ్ళీ గీత. అలా ఇరవై లీటర్లు పోశాడు. ఎండ పెళపెళలాడుతోంది, రేకుల కింద పెట్రోలు వాసనకు తల తిరుగుతోంది. నాలుగు గీతలూ ఎక్కడ ఉండాలో అక్కడే పడ్డాయి. ట్యాంకు కింద దూరి వేళ్ళతో తడిమి చూశాడు. ఎక్కడా చెమ్మ లేదు, కారడం లేదు.

అంటే ముల్లు నిజమే చెబుతోంది.

ముల్లు నిజం చెబితే, రాత్రిళ్ళు పెట్రోలు పోయినట్టే. పోయిందంటే తాళం చెవి ఉన్నవాడే... ఆ ఆలోచనను అక్కడే ఆపేశాడు. ఆపినా అప్పటికే మొహంలోకి వచ్చేసింది. తలెత్తేసరికి చెంచురామయ్య అతన్నే చూస్తున్నాడు.

"నువ్వు కూడానా బాషా?"

కాదు అనాలి. అంతే, రెండక్షరాలు. బాషా నోట్లోంచి అవి రాలేదు. స్కెచ్ పెన్నుకు మూత పెడుతూ, "రాత్రికి కారు ఇక్కడే ఉంచి తాళం వేస్తా," అన్నాడు. "నువ్వింటికెళ్ళు బాబాయ్. పొద్దున ఎనిమిదింటికి రా." ఒక్క క్షణం ఆగి, "ముందు మాత్రం రావద్దు," అని కూడా అన్నాడు.

చెంచురామయ్య తల ఊపి వెళ్ళిపోయాడు. బాషాకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అంగడికి వెళ్ళి కొత్త తాళం కొనుక్కొచ్చి షెడ్డుకు వేశాడు. చెవి ఒకటి తన జేబులో, రెండోది భార్య షమా చేతిలో పెట్టాడు. "ఆ కారులో ఏముందని ఇంత కాపలా?" అందామె. "చెంచయ్య బాబాయ్ ఉన్నాడు అందులో," అన్నాడు బాషా, తను ఏమన్నాడో తనకే సరిగా తెలియకుండా.

*

రాత్రి సన్నగా వాన పడింది. పొద్దున ఆరున్నరకు బాషా తాళం తీసేసరికి రేకుల చూరు నుంచి ఇంకా చుక్కలు రాలుతున్నాయి. తాళం ఎవరూ కదిలించలేదు. నేల మీద ఎవరి అడుగూ లేదు. అతను వంగి కారులో దూరి తాళం చెవి తిప్పాడు.

ముల్లు లేచింది. రెండో గీత దాటింది, మూడో గీత దగ్గరికొచ్చింది, దానికి అంగుళంలో పావు దూరాన ఆగిపోయింది. నిన్న నాలుగో గీత మీద నిలబడ్డ ముల్లు!

బాషా అద్దం మీద వేలితో తట్టాడు. కదల్లేదు. కారు దిగి, క్యాన్లు లాగి, పైపు పెట్టి పెట్రోలంతా మళ్ళీ దించాడు. లెక్క తప్పుతానేమోనని ప్రతి క్యానునూ నేల మీద వరసగా పేర్చాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగోది నిండి పొంగబోయింది. ఇరవైకి ఇరవై లీటర్లు!

షెడ్డులో ఒక్కడే పకపకా నవ్వాడు. ఎదురుగా టీ కొట్టువాడు బయటికొచ్చి చూసి, వీడికేమైందో అని లోపలికెళ్ళిపోయాడు.

చెంచురామయ్య ఎనిమిదింటికి వచ్చాడు. నిమిషం ముందు రాలేదు. నిన్నటి చోటనే నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"బాబాయ్, రాత్రి నా షెడ్డులో దొంగ పడ్డాడు," అన్నాడు బాషా. "అయిదారు లీటర్లు ఎత్తుకెళ్ళాడు. మళ్ళీ మనసు మార్చుకుని పొద్దున్నే తెచ్చి పోసిపోయాడు."

చెంచురామయ్యకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక అక్కడున్న టైరు మీద కూలబడ్డాడు. తువ్వాలుతో మొహం మొత్తం కప్పుకుని చాలాసేపు తియ్యలేదు. బాషా వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"నిన్న నిన్ను అనుమానించాను బాబాయ్. తప్పే."

"తెలుసులేరా," అన్నాడు చెంచురామయ్య తువ్వాలు లోంచే. "నీ మొహం నీకు కనిపించకపోవచ్చు, నాకు కనిపించదా?"

వేడి టీ వచ్చింది. ఇద్దరూ తాగారు. ఇప్పుడు అసలు పని మొదలవుతుందని బాషాకు తెలుసు. పొద్దున ముల్లు దిగిందని చెబితే త్రినాథ్ నమ్మడు. ఇద్దరూ కలిసి ఆడుతున్న నాటకం అంటాడు. ఎందుకు దిగుతోందో చూపించాలి.

ట్యాంకు నుంచి మీటరుకు వెళ్ళే వైరును కారు కింద అతుకు దగ్గర ఊడదీసి, మీటరు వైపు కొసను కారు బాడీకి తాకించాడు. ముల్లు ఒక్క గెంతున నిండుకు వెళ్ళింది. అంటే మీటరూ మంచిదే, వైరూ మంచిదే. బెజవాడవాళ్ళు మంచిదాన్ని పీకేసి ఇంకో మంచిది పెట్టారు. మిగిలింది ట్యాంకు నెత్తిన ఉండే సామాను ఒక్కటే. పెట్రోలు మీద తేలుతూ దాని మట్టాన్ని ముల్లుకు చెప్పే బుడ్డి అక్కడుంటుంది.

సీట్ల వెనక తివాసీ ఎత్తితే కింద గుండ్రటి రబ్బరు మూత కనిపించింది. గోటితో లేపితే లేచింది. బాషా టార్చి వేశాడు.

లోపల నల్లగుడ్డ మూటలు. నిమ్మకాయంత ఒక్కోటి. లెక్కపెడితే అయిదు! అడుగున ఉన్నవి తడిసి చీకిపోయాయి. వేలు పెట్టి నాలిక్కి రాసుకున్నాడు. ఉప్పు. ఒక మూట విప్పితే కల్లుప్పుతో పాటు ఎండుమిరపకాయలు, ఆవాలు బయటపడ్డాయి. గాలిలో చెమ్మకు ఉప్పు కరిగి, నీరు కారి, ట్యాంకు నెత్తిన ఎర్తు వైరు బిగించిన చోటంతా పచ్చగా తుప్పు పట్టించింది. వైరు పేరుకే ఉంది. ఎండ ముదిరి ఇనుము వేడెక్కినప్పుడు బిగుసుకుని సరిగా అంటుకుంటోంది. తెల్లవారుఝామున చల్లబడగానే వదులైపోతోంది. సాయంత్రం చూసినప్పుడు ముల్లు నిజం చెబుతోంది, పొద్దున చూసినప్పుడు అబద్ధం చెబుతోంది. మధ్యలో రాత్రి షెడ్డు తాళం చెవి ఉన్న మనిషి దొంగైపోయాడు.

"ఎవడు పెట్టాడు బాబాయ్ ఈ దిష్టి మూటలు?"

చెంచురామయ్య మొదటిసారి దగ్గరికొచ్చి వంగాడు. నల్లగుడ్డ మీద ఎర్రదారంతో దగ్గర దగ్గరగా వేసిన కుట్టు చూశాడు. చూసి నెమ్మదిగా లేచాడు.

"అమ్మగారు."

త్రినాథ్ తల్లి రాఘవమ్మ. కారు ఇంటికొచ్చిన రోజు ఆవిడ ముందు బంపరుకు నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ కట్టింది. ఇదేమన్నా ఎడ్లబండా అంటూ త్రినాథ్ దాన్ని తెంపి గోడవతల పారేశాడు. ఆవిడ ఆ పూట అన్నం తినలేదు. తర్వాత ప్రతి అమావాస్యకీ షెడ్డు దగ్గరికొచ్చి, "నువ్వు కాసేపు అవతలికెళ్ళు చెంచయ్యా," అనేది. దణ్ణం పెట్టుకుంటుందేమో అనుకుని అతను గేటు దగ్గరికెళ్ళి నిలబడేవాడు.

"పారేయ్ బాషా," అన్నాడు చెంచురామయ్య. "కాలవలో పారేసి, ఉత్తినే తుప్పు పట్టిందని చెప్పు."

"కొత్తగా ఉన్న కారులో ఆ ఒక్క చోటే తుప్పు ఎందుకు పట్టిందంటే?"

"కడిగేటప్పుడు నేనే నీళ్ళు పోశానని చెబుతా."

బాషాకు ఒళ్ళు మండిపోయింది. "బాగుంది! దొంగ కాదు, కారు పాడుచేసినోడు అంటాడు. అప్పుడు నీకేం మిగిలింది? నీ పేరు నీకు అక్కర్లేదా?"

"అక్కర్లేకేం? ఈ నెల్లాళ్ళూ నిద్ర పట్టి చచ్చిందా నాకు?" చెంచురామయ్య గొంతు పెరిగింది, మళ్ళీ తగ్గింది. "కానీ ఆవిడ కొడుకు చల్లగా ఉండాలని పెట్టుకుంది. అది తెలిస్తే వాడు అందరి ముందూ నవ్వుతాడు. ఒకరు నలుగురి ముందు తలొంచుకోవడం ఎలా ఉంటుందో నిన్నే చూశాను. ఆ వయసులో ఆవిడకెందుకు?"

బాషా సరే అనలేదు, కాదనీ అనలేదు. మూటలను ప్లాస్టిక్ కవరులో చుట్టి తన టీవీఎస్ మోపెడ్ డబ్బాలో పెట్టాడు. తుప్పును మాత్రం ముట్టుకోకుండా అలాగే ఉంచి మూత వేశాడు.

*

ఆ సాయంత్రం కారును అరండల్‌పేటలో త్రినాథ్ ఇంటికి తోలుకెళ్ళి అప్పగించాడు. "ఇరవై లీటర్లున్నాయండి. ముల్లు ఎక్కడుందో మీరే గుర్తు పెట్టండి. షెడ్డుకు మీరే తాళం వెయ్యండి. చెవి మీ తలకింద పెట్టుకుని పడుకోండి. పొద్దున ఆరున్నరకు వస్తాను."

"ఇదేం తమాషా?" అన్నాడు త్రినాథ్. అన్నా, కాగితం మీద గీత గీశాడు, తాళం వేశాడు.

పొద్దున బాషా మోపెడ్ మీద వచ్చేసరికి చెంచురామయ్య గేటు బయట రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. రావద్దన్నారుగా అన్నాడు. త్రినాథ్ పంచెలోనే వచ్చి షెడ్డు తాళం తీసి, కారులో కూర్చుని తాళం చెవి తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. ముల్లు గీతకు కిందే ఆగింది.

"రాత్రి తాళం చెవి ఎవరి దగ్గరుందండి?" అని అడిగాడు బాషా.

"నా దగ్గరే."

"ఇంకెవరికన్నా ఇచ్చారా?"

"లేదు."

"మరి పెట్రోలు ఎవరు తీశారండి?"

అడిగినందుకు బాషాకు కాస్త భయం వేసింది, అంతకంటే ఎక్కువ తృప్తి కలిగింది. తివాసీ ఎత్తి మూత తీశాడు. ఒక కొత్త వైరు ముక్క తీసుకుని ఒక కొస కారు బాడీకి బిగించాడు. రెండో కొసను ట్యాంకు నెత్తిన రేకుకు తాకించాడు. "ముల్లు చూడండి."

ముల్లు నింపాదిగా లేచి గీత మీదికి వచ్చి కూర్చుంది. బాషా వైరు తీశాడు. ముల్లు దిగిపోయింది. మళ్ళీ తాకించాడు, లేచింది. తీశాడు, దిగింది. మూడోసారి తాకించబోతుంటే త్రినాథ్ "చాలు" అన్నాడు. కారు దిగి వచ్చి ఆ పచ్చటి తుప్పు వంక చూశాడు. వేలితో గీకి వాసన చూశాడు.

"ఇదేదో ఉప్పులా ఉందే. మిగతా అంతా బాగానే ఉంది, ఇక్కడికి ఉప్పు ఎలా వచ్చింది?"

బాషా వైరును వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. చెబితే చెంచురామయ్య మాట పోతుంది. చెప్పకపోతే చెంచురామయ్యే పోతాడు.

గేటు బయట నుంచి గొంతు వినబడింది. "అది నా పొరపాటే బాబూ. కారు కడిగేటప్పుడు నేనే..."

"నోర్ముయ్ చెంచయ్యా!"

వరండా మెట్ల మీద రాఘవమ్మ నిలబడి ఉంది. చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. డెబ్బై దాటిన మనిషి, గొంతుకు మాత్రం ఏ వయసూ రాలేదు.

"ఉప్పు పెట్టింది నేను. అయిదు అమావాస్యలకీ అయిదు మూటలు పెట్టాను. నువ్వు దండ తెంపేశావుగా, నీకు కనబడని చోట పెట్టుకున్నాను. అయితే ఏమైందిప్పుడు? ముల్లు పాడైతే పాడైంది. దానికి చెంచయ్య వీధిలో ఎందుకున్నాడు? లోపలికి రావడానికేం?"

ఆవిడ కొడుకు వంక చూసింది, బాషా వంక చూసింది, గేటు వంక చూసింది. మూడు రోజులుగా డ్రైవరు సెలవులో ఉన్నాడని ఆవిడకు చెప్పారు.

"చెప్పు అబ్బాయ్," అంది బాషాతో. "వీడు చెప్పడు."

బాషా చెప్పాడు. ఏదీ పెంచలేదు, తగ్గించలేదు. ముప్పావు, సగం, తాళాల గుత్తి, రేపట్నుంచి రావద్దు. వింటున్నకొద్దీ ఆవిడ గ్లాసులో కాఫీ తొణికింది. మెట్టు మీద పెట్టేసింది గ్లాసును.

"నేను ఉప్పు పెడితే ఇతన్ని దొంగన్నావా!"

"అమ్మా, నాకేం తెలుసు..."

"తెలీకపోతే ఊరుకోవాలి. ఎక్కడన్నావు ఆ మాట?"

"స్టోరేజీ దగ్గర."

"ఎంతమంది ఉన్నారు?"

త్రినాథ్ నేల చూపులు చూశాడు. "నేను ఇప్పుడే సారీ చెబుతానమ్మా. చెంచయ్యా, లోపలికి రా."

"ఇక్కడ చెబితే వినేది నలుగురం. అక్కడ ఎంతమంది విన్నారో అంతమందీ వినాలి." ఆవిడ చెప్పులు వేసుకుంటోంది. "చొక్కా తొడుక్కో. చెంచయ్యా, కారు బయటికి తియ్యి. నేనూ వస్తా."

"రెండు సీట్లే గదమ్మా," అన్నాడు త్రినాథ్. "నువ్వూ అతనూ ఎక్కితే మరి నేనెలా?"

రాఘవమ్మ చూపు గేటు పక్కన స్టాండు వేసి ఉన్న బాషా మోపెడ్ మీద పడింది.

*

లాడ్జి సెంటర్ దాటేటప్పుడు ఆ ఊరేగింపును చూసినవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. ముందు ఎర్ర కారు. అందులో తువ్వాలు తలకు చుట్టుకున్న చెంచురామయ్య, పక్కన డోరు పిడిని గట్టిగా పట్టుకుని రాఘవమ్మ. దాని వెనకే పొగ వదులుతూ బాషా మోపెడ్. వెనక సీటు మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కోల్డ్ స్టోరేజీ యజమాని. టీ హోటలు ముందు ఇద్దరు మిర్చి వ్యాపారులు గ్లాసులు దించి, నమస్కారం పెట్టాలో వద్దో తెలియక సగం చేతులెత్తారు. గతుకుల దగ్గర త్రినాథ్ చెయ్యి బాషా భుజం మీద పడింది. ఆ తర్వాత అక్కడే ఉండిపోయింది.

"నెల రోజులు ఎలా భరించాడంటావ్?" అని అడిగాడు త్రినాథ్, ఇంజను చప్పుడు మీంచి.

"నన్ను కాదండి, ఆయన్ని అడగాలి మీరు," అన్నాడు బాషా.

స్టోరేజీ దగ్గర పని అప్పుడే మొదలైంది. మిరప కుప్పల చుట్టూ కొండమ్మ ముఠా వరసగా కూర్చుంటోంది. కారు ఆగగానే చెంచురామయ్య గబగబా దిగి అవతలి వైపుకు వచ్చి ముంజెయ్యి అందించాడు. రాఘవమ్మ దాన్ని పట్టుకుని, ఆ పల్లపు సీట్లోంచి మూలుగుతూ, నవ్వుతూ లేచింది. "ఇందులో కూర్చోవడం తేలికే, లేవడమే కష్టంరా చెంచయ్యా!" మోపెడ్ దిగుతున్న యజమానిని చూసి హమాలీలు బస్తాలు దించేశారు.

త్రినాథ్ పంచ ముందు నిలబడ్డాడు. గొంతు సవరించుకుని ఏదో అన్నాడు.

"వినపడలేదండయ్యా," అంది కొండమ్మ. "మిషన్ల చప్పుడు."

నిజంగానే వినపడలేదో, ఆవిడ కావాలనే అందో బాషాకు తెలియదు. త్రినాథ్ మెడ ఎర్రబడింది. ఈసారి గట్టిగా అన్నాడు. "చెంచయ్య పెట్రోలు తియ్యలేదు. మీటరు తప్పు చూపించింది. నేను తెలుసుకోకుండా మీ అందరి ముందూ దొంగ అన్నాను. తప్పు నాది."

త్రినాథ్ చెంచురామయ్య ముందుకు వెళ్ళాడు. "రేపట్నుంచి వస్తావా?"

ఫర్వాలేదు బాబూ అంటాడేమోనని బాషా భయపడ్డాడు. చెంచురామయ్య అలా అనలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని తుడుచుకోలేదు.

"నెల్లాళ్ళ నుంచి మా ఇంట్లోవాళ్ళ మొహం చూడలేకపోయాను బాబూ. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. వస్తాను. కానీ ఒక్క మాట. ఇంకోసారి అనుమానమొస్తే ముందు నన్ను కూర్చోబెట్టి అడగండి. జనం ముందు నిలబెట్టకండి."

"అడుగుతాను," అన్నాడు త్రినాథ్.

"మా అందరికీ వినపడిందయ్యా ఇప్పుడు!" అంది కొండమ్మ. ఆడవాళ్ళు గలగలా నవ్వారు, నవ్వు మధ్యలో తుమ్మారు, మళ్ళీ నవ్వారు. ఒక హమాలీ వచ్చి చెంచురామయ్య భుజం మీద చెయ్యి వేశాడు. బాషా మొహం పక్కకు తిప్పుకుని, ఘాటుకే అన్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

రాఘవమ్మ మళ్ళీ కారెక్కింది. "ఏరా చెంచయ్యా, వచ్చేటప్పుడు నత్తలా తోలావ్. పోయేటప్పుడన్నా ఈ కారు సంగతేంటో చూపించు నాకు," అంది. చెంచురామయ్య నవ్వుతూ ఇంజను వేశాడు. అది ఒక్క గర్జన చేసి కదిలింది.

బాషా మోపెడ్ తొక్కి స్టార్టు చేశాడు. త్రినాథ్ ఎవరూ చెప్పకముందే వెనక ఎక్కి కూర్చున్నాడు. గేటు దగ్గరికి రెండు బళ్ళూ ఒకేసారి వచ్చాయి. అలవాటు కొద్దీ చెంచురామయ్య బ్రేకు వేసి, యజమానికి దారి ఇచ్చి ఆగాడు. బాషా ముందుకు పోబోయాడు.

భుజం మీద చెయ్యి బిగిసింది.

"ఆగు బాషా," అన్నాడు త్రినాథ్. "ముందు వాళ్ళని పోనీ."